ఎడమ కణత

ఐస్ హాకీ ఆట మొదలవడానికి ముందు రెండు జట్లూ మంచు మీద ఒళ్ళు వేడెక్కించుకునేటప్పుడు, మధ్యలో ఎర్రగీతకి అటొకడూ ఇటొకడూ మోకాలి మీద వంగి స్కేట్ల లేసులు బిగించుకుంటూ కనబడ్డారనుకోండి. లేసులు నిజంగానే వదులయ్యాయని మా కార్టర్స్ మిల్ ఊళ్ళో పసిపిల్ల కూడా నమ్మదు. ఆ సాయంత్రం ఎప్పుడు కొట్టుకోవాలో, ఎలా కొట్టుకోవాలో మాట్లాడుకుంటున్నారన్నమాట. ఆ గీత దగ్గర అనుకున్న మాట ఆ గీత దాటి బయటికి రాకూడదు. కొట్టుకుని బతికేవాళ్ళకి ఉన్న మర్యాదల్లో అది మొదటిది.

ఆ శుక్రవారం ఇవతల వంగినవాడు మా గార్త్ పెలెష్. ముప్పై నాలుగేళ్ళవాడు. ముక్కు ఎన్నిసార్లు విరిగిందో ఆ ముక్కుకే తెలియాలి. మా జట్టు అతనికి పదకొండోది. గోల్స్ కొడతాడని అతన్ని ఎప్పుడూ ఎవరూ పిలవలేదు. మనవాళ్ళ మీద కర్ర ఎత్తినవాడి పళ్ళు రాలగొడతాడని పిలిచారు, కొన్నాళ్ళు ఉంచుకున్నారు, సంచి సర్దుకోమన్నారు. అవతల వంగినవాడు సెయింట్ ఒమెర్ జట్టుకి అదే పని చేసే ఎమిల్ కోర్మియే. ఒకప్పుడు ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. రెండు శీతాకాలాలు ఒకే గదిలో పడుకుని, ఒకడి కనుబొమ్మకి ఒకడు ప్లాస్టరు అంటించుకున్నవాళ్ళు.

"ఏరా, ఇంకా చావలేదా నువ్వు?" అన్నాడు ఎమిల్ తలెత్తకుండానే.

"నిన్ను సాగనంపి వద్దామని ఆగాను. ఐలీన్ నిన్ను అడిగిందిరా."

"ముందు నిన్ను వదిలేసి రమ్మను, తర్వాత చూద్దాం." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ఒకటి అడుగుతాను. ఇవాళ కుడిచెయ్యి వెయ్యకు. నా ఎడమ కణత బాగాలేదు. క్రిస్మస్ ముందు పగిలింది. ఒకోసారి ఆ కన్నుకి రెండేసి కనబడతాయి. డాక్టరుకి చెప్పలేదు, చెప్తే కూర్చోబెట్టేస్తారు. మా ముసలి అర్సెనోకి తప్ప ఎవరికీ తెలీదు."

అర్సెనో అంటే సెయింట్ ఒమెర్ జట్టులో దెబ్బలకి మందూ మాకూ చూసే ముసలాయన.

ఎదురెదురుగా నిలబడితే ఒకడి కుడిపిడికిలి వెళ్ళి తగిలేది రెండోవాడి ఎడమ కణతకే. గార్త్‌కి ఉన్నదల్లా ఆ కుడిపిడికిలే. ఎడమచేత్తో ఎదుటివాడి జెర్సీ పట్టుకుంటాడు, కుడిచేత్తో కొడతాడు. పదిహేనేళ్ళుగా అన్నం పెట్టింది అదే.

"సరే. ఎడమచేత్తోనే కొడతాలే. నువ్వు మాత్రం మామూలుగానే కొట్టు, లేకపోతే జనం పసిగట్టేస్తారు."

"నీకు బాకీ పడ్డానురా. ఆదివారం మళ్ళీ ఇక్కడే కదా ఆట? ఆదివారం నీది. నేను పడిపోతాను."

"నువ్వు పడకపోయినా పడేస్తాను గానీ, లే, చూస్తున్నారు."

ఇద్దరూ లేచి, కర్రలతో ఒకడి పిక్క మీద ఒకడు తట్టుకుని, ఎవరి వైపు వాళ్ళు జారిపోయారు.

అనుకున్నట్టే జరిగింది. రెండో భాగంలో ఇద్దరూ గ్లౌజులు విదిలించి పడేశారు. హెల్మెట్లు తీసి పక్కన పెట్టారు. అదీ మర్యాదే. హెల్మెట్ ఉంచుకుంటే ఎదుటివాడి వేళ్ళు విరుగుతాయి. అలవాటు లేని ఎడమచేత్తో గార్త్ కొట్టిన దెబ్బలు సగం గాలిలోకి పోయాయి, సగం ఎమిల్ భుజానికి తగిలాయి. ఎమిల్ కుడిచెయ్యి మాత్రం లెక్కగా వచ్చి పడింది. మొదట కంటి కింద, తర్వాత దవడ మీద, ఆ తర్వాత నోటి మీద. ముందరి పళ్ళు రెండు ఊడి మంచు మీద పడ్డాయి. గార్త్ మోకాళ్ళ మీద కూలాడు. మా వాళ్ళందరూ ఒక్కసారి ఉసూరుమన్నారు. వెనక వరసలోంచి ఎవడో "ముసలి గుర్రాన్ని అమ్మేయండ్రా!" అని అరిచాడు.

గార్త్ లేచాడు. జనం వైపు తిరిగి, రక్తం కారుతున్న నోటితో, చెవుల దాకా నవ్వాడు.

ఈ నవ్వు సంగతి చెప్పాలి. ఆ పని చేసేవాళ్ళెవరూ దెబ్బ తగిలితే మూలగరు. నవ్వుతారు. ఎంత గట్టిగా తగిలితే అంత పెద్దగా నవ్వుతారు. ఎదుటివాడికి, వాడి జట్టుకి, పైన మెట్ల మీదున్న జనానికి, నాకేం కాలేదని చెప్పడమన్నమాట. కొన్నేళ్ళకి అది ముఖానికి అలవాటైపోతుంది. అడగకుండానే వచ్చేస్తుంది.

ఆట అయ్యాక కోచ్ హాలరన్ గార్త్‌ని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. హాలరన్ కోపం వస్తే అరిచే రకం కాదు. బల్ల మీద వస్తువులు ఒక్కొక్కటీ సర్దుతూ మాట్లాడతాడు.

"నీ కుడిచెయ్యి ఏమైంది? ఇంట్లో మర్చిపోయి వచ్చావా?"

"బాగానే ఉంది కోచ్." నోట్లో దూది ఉండడంతో మాట ముద్దగా వచ్చింది.

"బాగానే ఉంటే వెయ్యవేం? ఊరంతా చూసింది. నేనూ చూశాను. నీ పని అయిపోయిందయ్యా." పెన్సిలు తీసి కాగితాల పక్కన సరిగ్గా పెట్టాడు. "కింది లీగులో ఇరవై ఏళ్ళవాడొకడున్నాడు. ఎద్దులా ఉన్నాడు. ఆదివారం దాకా చూస్తాను. ఆదివారం కూడా ఇలాగే కూలబడ్డావంటే, సోమవారం పొద్దున్న నీ సంచి గుమ్మం బయట ఉంటుంది."

పన్నెండో జట్టు లేదు. ఆ సంగతి గార్త్‌కి తెలుసు. ఫోను చేసేవాడు ఎవడూ మిగల్లేదు. అతని కళ్ళ ముందు మెదిలింది మాత్రం జట్టు కాదు, ఇంట్లో కిటికీ తెరలు. ఇన్నేళ్ళ కాపురంలో అతని భార్య ఐలీన్ స్వయంగా గుడ్డ కొని, కుట్టి, తగిలించిన తెరలు ఇవే. ఇంతకుముందు ఊళ్ళల్లో దుప్పట్లు కట్టేది. "ఎలాగూ పీకేయాల్సిందేగా" అనేది. ఇక్కడ వంటింటికి ఒక రంగు, ముందుగదికి ఒక రంగు. పదునుపట్టిన కత్తెర లేదని పక్కింటావిడ దగ్గర అరువు తెచ్చి మరీ కుట్టింది.

"చెయ్యి బాగానే ఉంది కోచ్," అన్నాడు మళ్ళీ. "వాడి ఎడమ కణత పగిలి ఉంది. కుడిచెయ్యి వెయ్యొద్దని అడిగాడు. అందుకని వెయ్యలేదు."

ఆ మాట నోటి నుంచి జారగానే, వెనక్కి మింగేద్దామా అనిపించింది. మింగడానికి లేదు.

హాలరన్ చెయ్యి బల్ల మీద ఆగింది. ముఖం మెత్తబడింది. సొరుగులోంచి చూయింగ్ గమ్ పొట్లం తీసి, ఒకటి గార్త్ ముందుకి తోశాడు, పళ్ళు ఊడిన మనిషికి.

"అలాగా," అన్నాడు. "ముందే చెప్పొద్దూ? వెళ్ళు, వెళ్ళి పడుకో."

శనివారం పొద్దున్న ఐలీన్ ఓట్స్ జావగా కాచి, చల్లార్చి, గ్లాసులో గొట్టం వేసి ఇచ్చింది. గార్త్ ఎడమచెయ్యి వాచిపోయి ఉంది. దాని మీద గడ్డకట్టిన బఠాణీల సంచి పెట్టింది.

"బాగా నొప్పిగా ఉందా?"

"అబ్బే."

"అబద్ధాలు నా దగ్గర కాదు. నిన్న నీ నవ్వు చూశాను. మంచు మీద నువ్వెంత నవ్వితే అంత నొప్పి. నాకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు." గ్లాసు అతని చేతికి దగ్గరగా జరిపింది. "మామూలుగా నవ్వితే నీ ముఖం అలా ఉండదసలు. పెళ్ళినాడు నవ్వావు చూడు, అది నవ్వు."

"ఆ రోజు కూడా కంటి మీద కుట్లున్నాయి."

"అయినా నవ్వావు." ఆమె నవ్వింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "కోచ్ ఏమన్నాడు?"

"ఆదివారం చూద్దామన్నాడు."

"అంటే?"

"అంటే చూద్దామన్నాడు, అంతే."

ఆమె లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, పక్కకి తోసిన తెరని ఊరికే ఒకసారి లాగి సర్దింది. గార్త్ గొట్టంతో జావ పీలుస్తూ ఆ చేతినే చూశాడు. ఎమిల్ మాట బయట పెట్టేశానని ఆమెకి చెబుదామనుకున్నాడు. చెప్పలేదు. చెబితే ఆమె ఏమంటుందో అతనికి తెలుసు.

మధ్యాహ్నం బస్సెక్కి సెయింట్ ఒమెర్ వెళ్ళారు. ఆ రాత్రి ఆట అక్కడ. వాచిన చెయ్యి కట్టుకుని గార్త్ బెంచీ మీదే కూర్చున్నాడు. మొదటి భాగం అయిపోవస్తుండగా హాలరన్ వచ్చి, గార్త్ పక్కనున్న కెస్లర్ అనేవాడి చెవిలో ఏదో చెప్పాడు. కెస్లర్ ఒకసారి గార్త్ వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

కెస్లర్ మంచు మీదికి దూకాడు. పక్, అదే, కర్రలతో కొట్టే రబ్బరు బిళ్ళ, ఎక్కడో అవతలుంది. దానికేసి చూడనైనా చూడలేదు. గోడ వెంట వెనక్కి జారుతున్న ఎమిల్ మీదికి తిన్నగా వెళ్ళి, మోచెయ్యి ఎత్తి, ఎడమ కణత మీద పొడిచాడు. ఎమిల్ తల గోడ మీది అద్దానికి కొట్టుకున్న చప్పుడు బెంచీ దాకా వినిపించింది.

గార్త్ లేచి నిలబడ్డాడు. గీత దగ్గర చెప్పిన మాట, ఇదిగో, ఇలా నడిచి వచ్చింది. చెప్పింది తను.

ఎమిల్ ఒక మోకాలి మీద ఉన్నాడు. కాసేపు మంచుకేసి చూశాడు. తర్వాత లేచి, కెస్లర్ వైపు తిరిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. చెయ్యి ఊపాడు. ఊపుకుంటూ తమ బెంచీ వైపు జారిపోయాడు. సెయింట్ ఒమెర్ జనం బల్లలు బాదుతూ కేకలు పెట్టారు.

హాలరన్ వెనకనుంచి గార్త్ భుజం మీదికి వంగాడు. నోట్లోంచి పుదీనా వాసన.

"చూశావా? నవ్వుతున్నాడు. కణత పగిలినవాడు అక్కడే పడి దొర్లుతాడయ్యా. వీడు నవ్వుతున్నాడు. పోయిన నెల ఇంకో ఊళ్ళో ఇంకొకడికి మోకాలు బాగాలేదని చెప్పాడట. నీ స్నేహితుడు నీ పళ్ళు ఊడగొట్టి, నీ కూడు కూడా లాక్కుంటున్నాడు. నువ్వేమో వాడికి మర్యాద చేస్తున్నావు."

మోకాలి సంగతి అప్పటికప్పుడు పుట్టించిన అబద్ధమని ఇప్పుడు మాకందరికీ తెలుసు. అప్పుడు గార్త్‌కి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదేమో. ఎమిల్ అబద్ధం ఆడి ఉంటే తను చేసింది నమ్మకద్రోహం కాదు కదా. అబద్ధాన్ని బయటపెడితే తప్పేముంది? ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీకి తల ఆనించి, ఊడిన పళ్ళ సందులో నాలుక పెట్టుకుని, దారి పొడుగునా దాన్నే చప్పరించాడు. ఊరొచ్చేసరికి అది కోపమైపోయింది. రెండు శీతాకాలాలు ఒకే గదిలో పడుకున్నవాడు. ఐలీన్ చేతి సూప్ తిన్నవాడు. ఇంత మోసమా!

తన ముఖం మీద శుక్రవారం ఏముందో అతనికి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ముఖం నిండా అదే నవ్వు పెట్టుకుని బతికే మనిషి, ఇంకొకడి నవ్వు చూసి నమ్మాడు చూడండి!

ఆదివారం ఆట మధ్యాహ్నం. చర్చి నుంచి తిన్నగా వచ్చేసిన వాళ్ళతో రింకు నిండిపోయింది. ఐలీన్ ఎప్పట్లాగే, తప్పు చేసినవాళ్ళని కాసేపు కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సు వెనక వరసలో, నీలం టోపీ పెట్టుకుని కూర్చుంది. గార్త్ ఎడమచెయ్యి వాపు తగ్గలేదు. కుడిచేతి వేళ్ళకి గుడ్డపట్టీ కూడా చుట్టుకోలేదు. ఉత్త ఎముక. జెర్సీ వెనక పట్టీని లాగుకి బిగించి కట్టుకున్నాడు, ఎవడూ జెర్సీ తల మీదికి లాగకుండా.

ఎమిల్ ఎర్రగీత దగ్గరికి వచ్చి మోకాలి మీద వంగాడు. కళ్ళ కింద నలుపు, ముఖంలో రంగు లేదు. లేసు ముడి విప్పాడు, కట్టాడు, మళ్ళీ విప్పాడు. గార్త్ రాలేదు. గుండ్రంగా తిరుగుతూ గీత పక్కనుంచే రెండుసార్లు వెళ్ళాడు. మూడోసారి ఎమిలే పిలిచాడు.

"గార్త్! ఒరేయ్, ఇవాళ నీది. గుర్తుందిగా? రెండు దెబ్బలు వెయ్యి, నేను పడిపోతాను."

గార్త్ ఆగలేదు. గీత మీద ఉమ్మి, జారిపోయాడు. ఉమ్మిలో ఇంకా ఎర్రజీర ఉంది. ఎమిల్ కాసేపు ఆ మోకాలి మీదే ఉండిపోయాడు. తర్వాత భుజాలెగరేసి లేచాడు. గార్త్ జనం కోసం వేషం వేస్తున్నాడనుకుని ఉంటాడు.

మొదటి భాగంలోనే కలుసుకున్నారు. పిలిచింది ఎమిలే. బాకీ తీర్చడానికి వచ్చినవాడు కదా. గ్లౌజులు విదిలించాడు. హెల్మెట్ పట్టీ తీసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాడు. బెంచీ దగ్గర ముసలి అర్సెనో లేచి ఏదో అరిచాడు. మా కేకల్లో ఎవరికీ వినబడలేదు. ఎమిల్ హెల్మెట్ తీసి మంచు మీద పెట్టాడు. మర్యాద.

జెర్సీలు పట్టుకున్నారు. ఎమిల్ కుడిచెంప ముందుకి పెట్టి, ఎడమవైపు వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. రెండు ఉత్తుత్తి దెబ్బలు గార్త్ భుజం మీద వేశాడు.

"కానీరా," అన్నాడు లోపలి గొంతుతో. "ఎడమచేత్తో వెయ్యి, పడిపోతాను."

గార్త్ వాచిన ఎడమచేత్తోనే అతని మెడ దగ్గర జెర్సీ గుప్పిట పట్టాడు. నొప్పి భుజం దాకా పాకింది. ఒక్క గుంజు గుంజి, దాచుకున్న ఎడమవైపుని వెలుతురులోకి తిప్పాడు. అప్పుడు ఎమిల్‌కి అర్థమైంది. చెయ్యి అడ్డం పెట్టలేదు. "గార్త్?" అన్నాడంతే, ఇంట్లో ఎవరో తలుపు తడితే అడిగినట్టు.

కుడిపిడికిలి కణత మీద పడింది. ఏదో లోపలికి వెళ్ళినట్టు గార్త్ వేళ్ళకి తెలిసింది. ఎముక ఎముకకి తగిలితే ఎలా ఉంటుందో అతనికి తెలుసు, ఇది అది కాదు. తెలిసింది గానీ చెయ్యి ఆగలేదు. రెండోసారి అక్కడే. మూడోసారి అక్కడే. మూడో దెబ్బకి గుప్పిట్లోని జెర్సీ ఒక్కసారి బరువెక్కింది. వదిలాడు. ఎమిల్ చేతులు చాచకుండా, మోకాళ్ళు వంచకుండా, నిలువునా వెనక్కి పడ్డాడు. తల మంచుకి కొట్టుకుంది.

పైకప్పు ఎగిరిపోయేలా కేకలేశాం మేం. "పెలెష్! పెలెష్!" ముసలి గుర్రాన్ని అమ్మేయమన్నవాడే బెంచీ ఎక్కి టోపీ గిరగిర తిప్పుతున్నాడు.

ఎమిల్ కుడికాలు మంచు మీద కొట్టుకోవడం మొదలెట్టింది. స్కేటు అంచు ఒకేచోట గీరుతోంది, గీరుతోంది. ముందు వరసలవాళ్ళు చూసి నోరు మూశారు. వాళ్ళని చూసి వెనకవాళ్ళు. చివరికి రింకంతటా ఆ గీరుడు చప్పుడొకటే మిగిలింది. తర్వాత అదీ ఆగింది.

అర్సెనో స్కేట్లు లేకుండా, మామూలు బూట్లతో మంచు మీదికి పరిగెత్తుకొచ్చాడు. రెండుసార్లు జారిపడి, పాకుతూ వచ్చి, ఎమిల్ తల ఒళ్ళోకి తీసుకున్నాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. కొట్టుకునేవాళ్ళని విడదీసే లైన్స్‌మన్ గార్త్‌ని రెక్క పట్టుకుని పక్కకి లాగుతున్నాడు. ముసలాయన తలెత్తి గార్త్‌ని చూశాడు.

"నీకు చెప్పానన్నాడయ్యా!" అని అరిచాడు. "నిన్న మోచెయ్యి తగిలాక రాత్రంతా వాంతులు చేసుకున్నాడు. వద్దురా, వెళ్ళొద్దురా అన్నాను. గార్త్‌కి చెప్పాను బాబాయ్, వాడికి తెలుసు, వాడితో అయితే భయం లేదు అన్నాడు. నీతో అయితే భయం లేదన్నాడయ్యా నాతో!"

గార్త్ ఏదో అనబోయాడు. "నిన్న నవ్వాడే" అనబోయాడేమో. లైన్స్‌మన్ అతన్ని పెనాల్టీ బాక్సులోకి తోసి తలుపు వేశాడు.

స్ట్రెచర్ వచ్చింది. ఎమిల్‌ని ఎత్తి పడుకోబెట్టారు. ఒక చెయ్యి పక్కకి జారి వేలాడుతుంటే అర్సెనో దాన్ని తీసి గుండెల మీద పెట్టాడు. అది మళ్ళీ జారింది. ఇంకొక లైన్స్‌మన్ మంచు మీద పడున్న గ్లౌజులన్నీ ఏరాడు. ఏవి ఎవరివో చూసుకోలేదు. అవతలి జట్టు బాక్సు ఖాళీగా ఉంది కదా, ఎవరికివ్వాలి? రెండు జతలూ తెచ్చి గార్త్ ఒళ్ళో పడేశాడు. వాటిలో ఒక జత ఇంకా లోపల వెచ్చగా ఉంది.

అవతల మా బెంచీ దగ్గర హాలరన్ ఒక కర్ర తీసుకుని గోడ మీద టకటక తట్టాడు. శెభాష్ అని చెప్పడానికి వాళ్ళు అలా తడతారు. పిడికిలి ఎత్తి చూపించి, చూయింగ్ గమ్ నములుతూ తల ఊపాడు. సోమవారం సంచి గుమ్మం బయట ఉండదు. తెరలు పీకక్కర్లేదు.

బాక్సు తలుపు దగ్గర కూర్చునే మా ఊరి పోర్టర్ అనే ముసలాయన, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి, గార్త్ వైపు తిరిగాడు.

"ఏమిటయ్యా అది?" అన్నాడు. "మనిషి పోతుంటే ఆ నవ్వేమిటి? ఆపు."

గార్త్‌కి అర్థం కాలేదు. ముఖం మీద చెయ్యి పెట్టుకు చూసుకున్నాడు. పెదాలు చెవుల దాకా సాగి ఉన్నాయి. ఊడిన పళ్ళ సందులోంచి గాలి చల్లగా లోపలికి పోతోంది. వెనక్కి తిరిగాడు. అద్దానికి అవతల, చేతికందేంత దూరంలో ఐలీన్ నిలబడి ఉంది. అందరూ స్ట్రెచర్‌కేసి చూస్తున్నారు. ఆమె ఒక్కతే అతని ముఖాన్ని చూస్తోంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

గార్త్ రెండు చేతులతో పెదాలు దగ్గరికి నొక్కి పట్టుకున్నాడు. చేతులు తియ్యగానే మళ్ళీ సాగాయి.